మాస్కు దించకండి, ముక్కు దగ్గర సందు మూయండి

ప్రశ్న (కోవిడ్ రోజులు, 2020 ఆగస్టు): అమ్మా, నాకు 48 ఏళ్లు. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) దగ్గర్లో ఒక మందుల షాపులో కౌంటర్ మీద పని చేస్తాను. లాక్‌డౌన్ పెట్టిన రోజు నుంచి ఇవాళ్టి దాకా షాపు ఒక్కరోజు మూయలేదు. దూరానికీ దగ్గరికీ కలిపి బైఫోకల్ అద్దాలు వాడతాను. మాస్కు పెట్టుకున్న రెండు నిమిషాలకే కళ్లజోడుకి ఆవిరి పట్టేస్తోంది. చీటీ మీద డాక్టరుగారి రాత కనబడదు, స్ట్రిప్పు మీద తారీఖు కనబడదు. గత్యంతరం లేక మాస్కు ముక్కు కిందికి లాగి చదువుతున్నాను. వచ్చినవాళ్లు ‘మందులమ్మే నువ్వే ఇలా చేస్తే ఎలా’ అని కేకలేస్తున్నారు. వాళ్ల తప్పేం లేదు. మా అమ్మకి 76 ఏళ్లు, షుగరుంది. ఆవిడ గురించే నా భయమంతా. శానిటైజర్‌తో తుడిచి తుడిచి అద్దాల మీద సాలెగూడు కట్టినట్టయింది. సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి, వారం నుంచి షాపులో ఉన్న చుక్కల మందే వేసుకుంటున్నాను. రాత్రి ఏసీలోంచి బయటికొచ్చి స్కూటర్ ఎక్కబోతే ఏమీ కనబడదు. నేను గోపాలపట్నం దాకా వెళ్లాలి. వాల్వు ఉన్న ఎన్95 కొనుక్కుంటే ఈ బాధ వదులుతుందా?

— ఒక మందుల షాపు ఉద్యోగి, మహారాణిపేట

జవాబు: తమ్ముడూ, మీరు అడిగింది ఆవిరి గురించి. నేను మాత్రం ‘షాపులో ఉన్న చుక్కల మందే’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ముందు అది చూద్దాం. ఆ సీసా తీసి దాని మీద సన్నక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. కోవిడ్‌తో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల ప్రాణాలు నిలబెడుతోందని 2020 జూన్‌లో వార్త వచ్చిన డెక్సామెథసోనే కంటి చుక్కల్లోనూ ఉంటుంది. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తుంది కాబట్టి పైపేరు చూస్తే తెలియదు. వేసుకున్న రెండు రోజులకి ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసమే జనం సీసా మీద సీసా కొంటారు. కొందరిలో మాత్రం కంటి లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. నొప్పి తెలియదు. చూపు అంచుల నుంచి హరించుకుపోతుంది, పోయిన చూపు ఇక రాదు. మనం నీటికాసులు అనేది ఈ జబ్బునే.

కళ్లు పరీక్షించి అద్దాలు రాసే పనిలో నాకు 22 ఏళ్లు నిండాయి. గాజువాక నుంచి ఒక వెల్డింగ్ పనివాడు వచ్చాడు, ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. రెండేళ్లుగా ఇలాంటి చుక్కలే, కళ్లు ఎర్రబడినప్పుడల్లా. బోర్డు మీద ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. నేను పక్కనుంచి చెయ్యి ఊపితే మాత్రం కనబడలేదు. అతను బయటికి వెళ్లేటప్పుడు తలుపు చెక్కకి భుజం కొట్టుకుంది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

మీరు వాడింది వారమే, కంగారు పడనక్కర్లేదు. ఇవాళ్టి నుంచి ఆపేసి, ఈ వారంలో కంటి ఒత్తిడి చూపించుకోండి. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ వారిది ఉంది, ఏది వీలైతే అక్కడికి వెళ్లండి. ఆ సీసా కూడా పట్టుకెళ్లి చూపించండి.

ఇక ఆ మంట ఎందుకొస్తోందో చెబుతాను. అది కంటి జబ్బు కాకపోవచ్చు. మీరు వదిలిన ఊపిరి మాస్కు పైఅంచులోంచి తన్నుకొచ్చి పొద్దస్తమానం కళ్ల మీద ఊదుతోంది. తడిబట్ట మీద ఫ్యాను పెట్టినట్టే. కంటి మీది నీటిపొర ఆరిపోతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది, మండుతుంది. మార్చి తర్వాత ఈ బాధతో నా దగ్గరికి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. అంటే ఆవిరీ మంటా రెండూ ఒకే సందులోంచి వస్తున్నాయి. మీ మాస్కు ముక్కు దగ్గర కారుతోంది, అంటే ఊపిరి అక్కణ్ణించి తప్పించుకుపోతోంది.

నేను నొక్కి చెప్పదలచుకున్నది ఇదే. కళ్లజోడుకి ఆవిరి పడితే మనం అద్దాన్ని తిట్టుకుంటాం. ఆ అద్దం మీకు మేలు చేస్తోంది. ఊపిరి బట్టలోంచి వడకట్టుకుని వెళ్లకుండా పక్కదారిన పోతోందని ప్రతి శ్వాసకీ చూపిస్తోంది. గాలి బయటికి పోయే దారిలోనే లోపలికీ వస్తుంది. కళ్లజోడు లేనివాళ్లకి ఈ సంగతి చెప్పే దిక్కే లేదు. ఆవిరి పట్టిందని మీరు మాస్కు దించుతున్నారు. చీటీ అందుకోవడానికి మనిషి కౌంటర్ మీదకి వంగేది కూడా సరిగ్గా అప్పుడే. వచ్చేది ఆసుపత్రి నుంచి కదా, రోగి తాలూకు వాళ్లు, ఒక్కోసారి రోగే.

ఆవిరి పట్టడం ఎలాగో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా తీసి కౌంటర్ మీద పెడితే నిమిషంలో చెమట పోస్తుంది చూడండి, అదే ఇదీ. ఊపిరి వేడి 34, 35 డిగ్రీలుంటుంది, నిండా తేమ. ఏసీలో మీ అద్దం 24 డిగ్రీల దగ్గరుంటుంది. తగలగానే సన్నటి నీటిచుక్కలుగా పేరుకుంటుంది. ఆ చుక్కల మీద వెలుగు చెదిరిపోయి తెల్లగా మసక కడుతుంది. పైగా ఊపిరి కింది నుంచి వస్తుంది కాబట్టి ముందు మసకబారేది అద్దం కింది సగమే, ముక్కు వైపున. మీ బైఫోకల్‌లో చదివే ముక్క ఉండేది అక్కడే. ఎదురుగా ఉన్న మనిషి కనబడుతూ, చేతిలో చీటీ కనబడకుండా పోవడం అందుకే. మెట్లు దిగేటప్పుడు కూడా ఈ కింది సగం మసకే దెబ్బ తీస్తుంది. షాపు గుమ్మం ముందు మెట్లుంటే ఏదైనా ఆసరా పట్టుకుని దిగండి.

సరే, సందు మూయడం ఎలా? రేపు పొద్దున్న షాపుకి బయల్దేరే ముందు అయిదు నిమిషాలు అద్దం ముందు నిలబడండి. కళ్లజోడు తీసి పక్కన పెట్టండి. మీ షాపులో అమ్మే నీలం రంగు మూడు పొరల మాస్కే తీసుకోండి. నీలం వైపు బయటికి, తీగ ఉన్న అంచు పైకి. మడతలు విప్పి గడ్డం కింది దాకా లాగండి. చాలామంది గడ్డం చివరికి ఆనిస్తారు, నోరు తెరిచి మాట్లాడగానే మాస్కు మొత్తం జారుతుంది. పైఅంచు ముక్కు దూలం మీద ఎంత ఎత్తుకి పోతే అంత ఎత్తుకి జరపండి. ఇప్పుడు తీగ. దీన్ని బొటనవేలూ చూపుడువేలూ పెట్టి గిల్లినట్టు నొక్కుతారు, అక్కడే తప్పు. గిల్లితే తీగ గుడారంలా పైకి లేస్తుంది, రెండు పక్కలా సందు మిగులుతుంది. రెండు చేతుల చూపుడువేళ్లూ ముక్కు నడిమిన ఆనించి, అక్కణ్ణించి రెండు బుగ్గల వైపుకీ ఒత్తుకుంటూ వెళ్లండి. ముక్కు పక్కన పల్లం ఉంటుంది కదా, కళ్లజోడు బుడిపెలు ఆని ఆని గుంట పడ్డచోటికి కొంచెం కింద, ఆ పల్లంలోకి తీగ దిగాలి. దిగితే తెలుస్తుంది, చర్మానికి తీగ చల్లగా తగులుతుంది.

ఇప్పుడు గట్టిగా ఊపిరి వదలండి. రెప్పలకి వెచ్చగా తగిలితే ఇంకా కారుతోందన్నమాట. వేళ్లు తడిచేసి కళ్ల కింద పెట్టి చూస్తే ఏ పక్కనుంచి కారుతోందో కూడా దొరుకుతుంది. మళ్లీ ఒత్తండి. ఇక మాస్కు అంచు మీదకి కళ్లజోడు దించండి. బుడిపెలు మాస్కు మీద కూర్చోవాలి, మాస్కు కింద కాదు. కళ్లజోడు బరువే అంచుని అదిమి పెడుతుంది.

బుగ్గల దగ్గర మాస్కు చెవుల వైపు నోరు తెరుచుకుని ఉంటే, చెవి ఎలాస్టిక్‌ని మాస్కు అంచుకి ఆనేలా ఒక ముడి వేసి, పక్క మడతని లోపలికి దోపండి. మొహం పెద్దదైతే ముడి వేశాక మాస్కు పొట్టిదైపోయి ముక్కు మీంచి జారుతుంది, అలాంటప్పుడు ముడి జోలికి పోకండి.

ఇన్ని చేసినా కొంచెం కారుతుంటే మందు మీ కౌంటర్‌లోనే ఉంది. కట్టు కట్టేటప్పుడు వాడే మైక్రోపోర్ కాగితం టేపు జానెడు కత్తిరించి, సగం మాస్కు అంచు మీదా సగం చర్మం మీదా పడేలా, ముక్కు మీంచి రెండు బుగ్గల దాకా అంటించండి. ఆపరేషన్ థియేటర్లలో కళ్లజోడున్న డాక్టర్లు ఎప్పట్నించో ఇలా చేస్తున్నారు. మన ఉక్కపోతకి మొహం తడిగా ఉంటే నిలబడదు, తుడుచుకుని, ఆరాక అంటించాలి. గాయాలకి వేసే జిగురు ప్లాస్టర్ మాత్రం వద్దు, రోజూ పీకితే చర్మం లేచిపోతుంది. టేపు పడనివాళ్లు మెత్తటి కాగితం రుమాలుని పొడుగ్గా, వేలెడు వెడల్పున మడిచి మాస్కు పైఅంచు లోపల పెట్టుకోవచ్చు. సందునీ పూడుస్తుంది, తేమనీ పీలుస్తుంది. తడిసిందంటే మార్చేయాలి.

ఇంట్లో కుట్టిన గుడ్డ మాస్కు వాడే రోజుల్లో కూడా తీగ ఉండాల్సిందే. మామూలు కట్టుడు తీగ పెట్టారనుకోండి, సముద్రపు గాలికీ రోజూ ఉతుకుడికీ త్వరగా తుప్పు పట్టి బట్టకి మరకలవుతాయి. సన్నటి రాగి తీగో అల్యూమినియం పట్టీయో తీసుకుని, పైఅంచులో చిన్న గొట్టంలా కుట్టించి అందులో దూర్చండి. ఉతికేటప్పుడు తీసేయొచ్చు.

అద్దాల సంగతి ఆఖర్న చెబుతున్నది కావాలనే. సబ్బునీళ్ల చిట్కా మీరు వినే ఉంటారు. అది నిజంగా పనిచేస్తుంది. ఇంగ్లండులో సర్జన్ల రాయల్ కాలేజీ పత్రికలో 2011లోనే ఇద్దరు డాక్టర్లు దాన్ని రాశారు. కళ్లజోడుని సబ్బునీళ్లలో ముంచి కడిగి, నీళ్లు విదిలించి, దానంతటది ఆరనివ్వాలి, కావాలంటే మెత్తటి బట్టతో పైపైన అద్దుకోవాలి. అద్దం మీద కంటికి కనబడనంత పల్చటి సబ్బు పొర మిగులుతుంది. దాంతో తేమ చుక్కలుగా పేరుకోకుండా పొరలా పరుచుకుంటుంది, అందులోంచి చూపు సాగుతుంది. గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క చాలు. చర్మానికి మెత్తదనం ఇచ్చే నూనెలు కలిసిన చేతుల సబ్బులు వద్దు, జిడ్డు మరకలు వస్తాయి. మధ్యలో చొక్కా అంచుతో తుడిచారంటే ఆ పొర కాస్తా పోయినట్టే. పొద్దున్నోసారి, భోజనం చేశాక ఇంకోసారి కడుక్కోండి.

అయితే ముక్కు దగ్గర సందు మూయకుండా సబ్బు రాసుకుంటే ఏమవుతుంది? మాస్కు ఎంత కారినా అద్దం తేటగా ఉంటుంది, మీకు తెలియనే తెలియదు. హెచ్చరించే గొంతు నొక్కేసినట్టవుతుంది. అందుకని ఒక వారం పాటు పగటిపూట సబ్బు వాడకుండా మాస్కు సర్దుకోవడం అలవాటు చేసుకోండి. చెయ్యి తిరిగాక, ఆ మిగిలిన కాస్త మసక కోసం సబ్బు.

శానిటైజర్‌తో తుడవడం ఇవాళే మానేయండి. మీరు ‘సాలెగూడు’ అన్నది అద్దం మీది పూత పగలడం. స్పిరిటు కొన్ని పూతలనీ, ప్లాస్టిక్ ఫ్రేములనీ తినేస్తుంది. వేడినీళ్లు కూడా పూతని చీలుస్తాయి. పళ్లపొడి, టూత్‌పేస్ట్ గీతలు పెడతాయి. పాడైన పూతని ఎవరూ బాగుచేయలేరు, అద్దాలు మార్చుకోవడమే. ఎలాగూ ఒత్తిడి పరీక్షకి వెళుతున్నారు కాబట్టి అప్పుడే పవరు కూడా చూపించుకుని, ఆ చీటీతో కొత్తవి వేయించుకోండి. ఫ్రేము బుగ్గలకి ఆనుతుంటే దుకాణంలో చెప్పండి, ముక్కు బుడిపెలు కాస్త వంచి ఫ్రేముని మొహానికి దూరం జరుపుతారు. అద్దానికీ బుగ్గకీ మధ్య గాలి ఆడితే ఆవిరి త్వరగా వదులుతుంది.

రాత్రి బయటికి రాగానే కనబడకపోవడం మాత్రం వేరే సంగతి. అందులో మాస్కు తప్పు లేకపోవచ్చు. ఆవిరి పట్టగానే వేలితో అద్దం బయటి వైపు గీయండి. గీత పడితే ఆ తేమ మీ ఊపిరిది కాదు, విశాఖ గాలిది. లోపలివైపే పడితే ఊపిరిది. రోజంతా ఏసీలో చల్లబడ్డ అద్దం ఆగస్టు రాత్రి తేమలోకి రాగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన ఆ ఇన్సులిన్ సీసా అవుతుంది. మాస్కు లేకపోయినా పడుతుంది. దానికి చెయ్యగలిగింది ఒకటే, ఆగడం. షట్టరు దించాక తాళాలు వేసేటప్పుడే కళ్లజోడు తీసి అరచేతిలో పట్టుకోండి, ఒంటి వేడికి రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. అప్పుడు హెల్మెట్ పెట్టుకుని, కాడలు పక్కల్నుంచి దూర్చుకోండి. షాపులో ఏసీ తగ్గించమని నేననను. 25 డిగ్రీలు దాటకూడదని రాసి ఉన్న మందులు మీ దగ్గర ఉంటాయి. వీలైనప్పుడల్లా తలుపు తీసి గాలి ఆడనివ్వండి, అంతే.

మొహమంతా మూసే హెల్మెట్‌లో ఊపిరి ఎటూ పోదు, అందుకని దాని ముందరి అద్దం వేలి సందంత తెరిచి ఉంచండి. దారిలో మసక పడితే ఎడమవైపుకి తీసి, బండి ఆపి, అప్పుడు తుడుచుకోండి. ఎన్ఏడీ జంక్షన్ లాంటి చోట ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చేత్తో కళ్లజోడు ఎత్తేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

వాల్వు మాస్కు అడిగారు. వద్దు. ఊపిరి వాల్వులోంచి సూటిగా బయటికి పోతుంది కాబట్టి ఆవిరి తగ్గే మాట నిజమే. కానీ పోయేది వడకట్టని ఊపిరి, ఎదురుగా నిలబడ్డవాళ్ల మీదకి. ఇవి వాడొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జులైలో రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. జబ్బు ఒంట్లో ఉన్నా లక్షణాలు కనబడనివాళ్లు ఎంతోమంది, మీరు కాదని మీకూ తెలియదు. వాల్వు లేని ఎన్95 అయితే మీ పనికి మంచిదే. సరిగ్గా అమరితే ముక్కు దగ్గర కారదు, ఆవిరీ తక్కువే. గడ్డం పెంచుతుంటే మాత్రం అంచు చర్మానికి ఆనదు, గీసుకోవాలి.

చీటీ చదవడం మీద ఒక మాట. ఎంత సర్దుకున్నా ఏదో ఒక క్షణంలో మసక పడుతుంది. అప్పుడు ఊహించి ఇవ్వకండి. 50 ఎంజీకీ 500 ఎంజీకీ మధ్య ఒక్క సున్నాయే తేడా. చీటీ తీసుకుని కౌంటర్ నుంచి నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చదవండి. లేదా ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. పక్కన కుర్రాడుంటే పేరూ మోతాదూ పైకి చదివించండి. వచ్చినవాళ్లకి ఒక నిమిషం ఆలస్యమైతే ఏమీ కాదు.

ఇంకొకటి. మామూలు కళ్లజోడు కంటికి రక్షణ కాదు, పక్కలా పైనా తెరిచే ఉంటుంది. పైగా రోజంతా దాన్ని సర్దుకుంటూనే ఉంటాం, షాపులో అందరూ ముట్టుకున్న నోట్లూ చీటీలూ పట్టుకున్న చేతులతోనే. మంట పుట్టినా కళ్లు నులమకండి, కావాలని పదిసార్లు రెప్పలాడించండి, నీటిపొర మళ్లీ పరుచుకుంటుంది. తడి కోసం వేసే కన్నీటి చుక్కలు ఉన్నాయి, ఏవి వాడాలో ఆసుపత్రిలోనే అడగండి.

గోపాలపట్నం చేరాక, లోపలికి వెళ్లే ముందే చేతులు కడుక్కోండి. ముందు కళ్లజోడు తీయండి, తర్వాత మాస్కు. మాస్కు ముందు లాగితే ఎలాస్టిక్ కాడకి తగులుకుని కళ్లజోడు ఎగిరి కిందపడుతుంది, నా దగ్గరికి విరిగిన ఫ్రేములు ఎన్నో అలాగే వచ్చాయి. తీసిన కళ్లజోడుని అక్కడే కుళాయి కింద, కాడలూ బుడిపెలతో సహా సబ్బు పెట్టి కడిగేయండి. మళ్లీ చేతులు కడుక్కుని, స్నానం చేసి, అప్పుడు అమ్మగారి దగ్గరికి వెళ్లండి. ఆవిడకి షుగరుంది కదా, కంటి లోపలి పొర చూపించి ఏడాది దాటి ఉంటే, ఈ కోవిడ్ రద్దీ తగ్గాక ఆవిడనీ ఒకసారి తీసుకెళ్లండి.